వేడెక్కిన పాదం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



నేను డాక్టరును కాను. గురజాల, మాచర్ల ఆఫీసుల్లో ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. ఈ విషయం మీద మాట్లాడటానికి నాకున్న అర్హత ఒక్కటే, నా ఎడమకాలికి చిటికెనవేలు లేదు.

2020లో కరోనా రోజుల్లో బ్యాంకు గుమ్మంలో మన నుదుటికి పిస్తోలు లాంటిది గురిపెట్టేవారు, గుర్తుందా? అది మన చర్మం నుంచి బయటికి వచ్చే వేడి కిరణాలను కొలుస్తుంది. కంటికి కనపడని ఆ కిరణాలను 1800లో విలియం హెర్షెల్ కనిపెట్టాడు. సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసి, ఎరుపుకు అవతల, ఏ రంగూ లేనిచోట థర్మామీటరు పెడితే పాదరసం పైకి పోయింది. పిస్తోలు ఒక్కచోటి వేడిని అంకెలో చెబుతుంది. థర్మల్ కెమెరా వేల చోట్ల వేడిని ఒకేసారి పట్టి రంగుల బొమ్మగా చూపుతుంది. ఎక్స్‌రే లాగా లోపలి ఎముకలు కనపడవు, చర్మం మీది వేడి మాత్రమే. అయితే వాపు వచ్చేచోటికి రక్తం ఎక్కువగా చేరి చర్మం వేడెక్కుతుంది కనుక, లోపలి సంగతి కొంత బయటపడుతుంది.

ఇక నా కథ. అప్పటికి ఇరవై ఏళ్ళుగా షుగరు. ఒక శివరాత్రికి కోటప్పకొండ మెట్లు చెప్పులు లేకుండా ఎక్కాను. మధ్యాహ్నం దిగేటప్పుడు రాయి కాలుతోందని మా ఆవిడ గంతులేస్తోంది, నాకేమీ తెలియలేదు. భక్తి అనుకున్నాను. నిజానికి కాలిలో స్పర్శ పోయింది. నాలుగో రోజు దుప్పటి సర్దుతుంటే నా పాదం తగిలి, “ఏమండీ, ఈ కాలు ఇంత వేడిగా ఉందేమిటి?” అంది. జ్వరం లేదు పొమ్మని కసిరాను. పది రోజులకు పుండు కనపడింది. వేలు తీసేశారు.

తరువాత గుంటూరులో ఒక డాక్టరుగారు నా పాదాలను థర్మల్ కెమెరాలో చూపించారు. కుడిపాదం ఆకుపచ్చగా ఉంది. ఎడమపాదంలో బొటనవేలి కింద ఎర్రని మచ్చ. పైకి గాయం లేదు, నొప్పి లేదు. రెండు వారాలు ఆ కాలు మోపవద్దన్నారు. ఈసారి విన్నాను, పుండు పడలేదు.

వేలూరు ఆసుపత్రిలో కుష్ఠురోగుల చేతులకు, కాళ్ళకు ఆపరేషన్లు చేసిన పాల్ బ్రాండ్, 1966లో అమెరికా వెళ్ళాక, స్పర్శ లేని పాదాల్లో పుండుకు ముందు వచ్చే వేడిని ఇలాగే వెతికారు. ఇప్పటి వైద్యుల లెక్క ఇది: రెండు పాదాల్లో ఒకే చోట వేడి తేడా వరుసగా రెండు రోజులు 2.2 సెంటిగ్రేడు డిగ్రీలు దాటితే నడక తగ్గించి డాక్టరుకు చూపించుకోవాలి. దీనికి కెమెరా కొననక్కరలేదు, చర్మం వేడి కొలిచే చిన్న పరికరం చాలు. మన పల్నాటి ఎండలో తిరిగొచ్చి వెంటనే చూస్తే మాత్రం రెండు కాళ్ళూ నిప్పులే, కాసేపు నీడన కూర్చుని చూడాలి. పాదం మరీ చల్లగా ఉన్నా సంతోషించకండి, రక్తం సరిగా అందకపోయినా చల్లబడుతుంది.

సోదరీమణులకు ఒక మాట. రొమ్ము క్యాన్సరు పరీక్షకు బెంగళూరులో 2016లో మొదలైన నిరామయ్ అనే సంస్థ ఈ వేడి బొమ్మలను కంప్యూటరుతో చదివిస్తోంది. బట్టలు విప్పి మరొకరి చేత తాకించుకోవడానికి సిగ్గుపడే మన ఆడవాళ్ళకు అది ఊరటే. కానీ వేడి బొమ్మ మామోగ్రాముకు బదులు కాదని అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ 2019లో హెచ్చరించింది. క్యాంపులో బొమ్మ బాగుందన్నారని చేతికి తగిలే గడ్డను దాచిపెట్టకండి.

మా ఆవిడ రోజూ రాత్రి తొమ్మిదింటికి నా రెండు పాదాలూ కొలిచి ఒక పాత రిజిస్టరులో తేదీ వేసి రాస్తుంది. నిన్నటి తేడా అర డిగ్రీ. రిజిస్టరు తెచ్చాను, చూడదలచినవారు భోజనాల తరువాత రండి.