రక్తానికీ ఉంది ఆకుమడి



వరి ఎలా వేస్తాం? ఆకుమడిలో విత్తు చల్లుతాం. నారు ఎదిగాక తీసి పొలంలో నాటుతాం.

మన రక్తానికీ ఆకుమడి ఉంది. అది ఎముకల లోపలి మూలుగ. అందులో విత్తనాల్లాంటి కణాలు ఉంటాయి. వాటిని మూలకణాలు అంటారు. రోజూ కొత్త రక్తం తయారుచేసేవి అవే.

కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఆ విత్తనంలో లోపం ఉంటుంది. తలసేమియా అలాంటి జబ్బు. అది ముదురుగా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. "తల్లి రక్తం మంచిది కాదు" అని కొందరు ఆడిపోసుకుంటారు. అది తప్పు. తల్లి నుంచీ తండ్రి నుంచీ, ఇద్దరి నుంచీ లోపం వస్తేనే బిడ్డకు ఈ జబ్బు వస్తుంది.

మరి దీనికి వైద్యం ఏటి? మంచి విత్తనం నాటడం ఒక దారి. అంటే ఇంకొకరి మూలకణాలు ఎక్కించడం. రక్త కేన్సరుకు కూడా ఈ వైద్యం చేస్తారు. మన దేశంలో ఇది 1983లో ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో మొదలైంది. కాని ఇద్దరి కణాలూ కలవాలి. తోడబుట్టినవాళ్లలో కూడా నలుగురిలో ఒకరికే కలవొచ్చు.

కలవకపోతే? కాన్పు అయ్యాక మనం పారేసే బొడ్డుతాడు రక్తంలోనూ మూలకణాలుంటాయి. పూర్తిగా కలవకపోయినా అవి పనికొస్తాయి. కాని ఒక బొడ్డుతాడులో దొరికేవి కొద్దే. పెద్దవాళ్లకు చాలవు.

లేబరేటరీలో పెంచకూడదా? పెంచితే అవి మామూలు రక్తకణాలుగా మారిపోతాయి. దంచిన బియ్యం మొలకెత్తదు కదా! శాస్త్రవేత్తలు ఒక ఉపాయం కనిపెట్టారు. బి-3 విటమిన్ రకం ఒకటి కలిపి మూడు వారాలు పెంచారు. విత్తనం గుణం నిలిచింది. 2023లో అమెరికా ప్రభుత్వం రక్త కేన్సరు రోగులకు దీన్ని అనుమతించింది. జబ్బులతో పోరాడే తెల్లకణాలు మళ్లీ రావడానికి మామూలు బొడ్డుతాడు రక్తంతో సుమారు 22 రోజులు పట్టింది. పెంచినవాటితో 12 రోజులే. ఆ పది రోజులు రోగికి ప్రాణంతో సమానం.

2024లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేశారు. మనిషి కణాల నుంచే రక్త మూలకణాలు తయారుచేశారు. ఎలుకల్లో నాటితే రక్తం పుట్టింది. మనుషులకు ఇంకా వాడలేదు.

ఆ నారు మన పొలానికి వచ్చేదాకా మన చేతిలో ఉన్నది చేద్దాం. గర్భం నిలిచిన తొలినెలల్లోనే తలసేమియా రక్తపరీక్ష గురించి డాక్టరును అడగండి. మీకు లోపం ఉందని తేలితే మీ ఆయనకూ పరీక్ష చేయించండి. మేనరికమైతే అసలు మరవొద్దు. మూలకణాల పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే, పెద్దాసుపత్రిలో కనుక్కోకుండా ఇవ్వకండి.

బిడ్డకు జబ్బయితే తల్లిని నిందించొద్దు. ఆమెకు తోడు నిలబడదాం.