ఇంటి పలుకు, బడి చదువు



తమిళనాట తరతరాలుగా నివసించుచున్న మన యిండ్లలో అవ్వ తెలుగున పిలుచును. మనుమడు ఆంగ్లమున బదులు పలుకును. 2011 జనగణనలో ఈ రాష్ట్రమున తెలుగును మాతృభాషగా వ్రాయించినవారు సుమారు 42 లక్షలు. వారిలో తెలుగు చదువనేర్చినవారెందరో ఆ లెక్క చెప్పదు.

2006 నాటి చట్టముచే బడిలో తమిళము తప్పనిసరి అయినది. అది మనమున్న నేల భాష, నేర్వవలసినదే. ఉద్యోగమునకు ఆంగ్లమును కావలెను. అయితే ఆంగ్లము కొరకు ఇంట తెలుగు మానుటేల? మనము తడబడుచు పలుకు ఆంగ్లమును వినిన బిడ్డకు ఆంగ్లమును కుదురదు, తెలుగును దక్కదు.

ప్రాథమిక విద్యకు మాతృభాషలో వసతి కల్పించుటకు యత్నింపవలెనని రాజ్యాంగపు 350-ఎ అధికరణము రాష్ట్రములకు చెప్పుచున్నది. దానిని కోరుచునే యుందము. అందాక రాత్రి భోజనమైన పిదప అరగంట బిడ్డలచే అక్షరములు దిద్దింతము. అవ్వ వ్రాసిన జాబును మనుమడు చదివిన నాడే ఆ లెక్కకు అర్థము కలుగును.