రైలుకు వెలుగునిచ్చే కేంద్రం ఎవరి సొత్తు?



మన రైళ్ళను నడిపే విద్యుత్తు ఎక్కడ పుడుతున్నదో, ఆ పుట్టినచోటు ఎవరి యాజమాన్యంలో ఉన్నదో తెలుసుకొనడం కార్మికులుగా మన కర్తవ్యమని భావించి ఈ నాలుగు మాటలు మీ ముందుంచుతున్నాము.

బీహారు రాష్ట్రంలోని ఔరంగాబాదు జిల్లా నబీనగర్‌లో ప్రధానంగా రైల్వేల అవసరాలకై ఒక బొగ్గు విద్యుత్కేంద్రం నెలకొని ఉన్నది. దాని నిర్మాణానికై 2007లో భారతీయ రైల్ బిజిలీ కంపెనీ ఏర్పడింది. అందులో ఎన్.టి.పి.సి.ది 74 శాతం, రైల్వే మంత్రిత్వ శాఖది 26 శాతం వాటా. ఒక్కొక్కటి 250 మెగావాట్ల చొప్పున నాలుగు యూనిట్లు. వెరసి 1,000 మెగావాట్లు. మొదటి రెండూ 2017లోను, మూడవది 2019లోను, నాలుగవది 2021లోను వాణిజ్య ఉత్పత్తికి వచ్చాయి. విద్యుత్తులో 90 శాతం రైల్వేలకు, 10 శాతం బీహారుకు కేటాయింపు. బొగ్గు మోసేదీ రైలే, విద్యుత్తును వాడుకొనేదీ రైలే.

ఇక యాజమాన్యం సంగతి. 1975లో స్థాపితమైన ఎన్.టి.పి.సి. ప్రభుత్వ యాజమాన్యంలో పెరిగిన సంస్థ. 2004లో దాని వాటాలు మొదటిసారి బజారుకెక్కాయి. నబీనగర్ కంపెనీ ఏర్పడిన 2007 నాటికి అందులో కేంద్ర ప్రభుత్వ వాటా 89.5 శాతం. అనంతరం విడతలు విడతలుగా జరిగిన అమ్మకాలతో అది 51 శాతం చిల్లరకు దిగింది.

లెక్క వేయండి. 2007లో నబీనగర్ కేంద్రంలో, రైల్వేల 26 శాతంతో కలిపి, ప్రభుత్వానికి చెందినది నూటికి 92 పాళ్ళు. నేడు సుమారు 64 పాళ్ళు. నబీనగర్ కంపెనీ వాటా ఒక్కటీ అమ్ముడుపోలేదు. మాతృసంస్థ వాటాలు అమ్మడంతోనే ఇంత మార్పు జరిగింది.

కంపెనీల చట్టం ప్రకారం ప్రభుత్వ వాటా 51 శాతానికి తగ్గని సంస్థే ప్రభుత్వ కంపెనీ; దాని అనుబంధ సంస్థకూ ఆ హోదా దానివల్లనే సంక్రమిస్తుంది. అనగా ఎన్.టి.పి.సి. నేడు గట్టు అంచున నిలిచి ఉన్నది. ఇంకొక్క విడత అమ్మకం జరిగితే రెండింటి ప్రభుత్వ హోదాకూ ముప్పు.

తపాలా సోదరులు ఇది తమకు సంబంధించినది కాదనుకొనరాదు. 2018లో దేశమంతటా ప్రారంభమైన తపాలా చెల్లింపుల బ్యాంకు కూడ కంపెనీయే. అది నేడు నూటికి నూరు పాళ్ళూ ప్రభుత్వానిదే. అది అలాగే ఉండాలని మనం ఇప్పుడే కోరాలి.

కనుక, ప్రభుత్వ సంస్థ వాటాలు అమ్మదలచినప్పుడు దాని అనుబంధ సంస్థలపై పడే ఫలితాన్ని ముందుగా పార్లమెంటు ఎదుట ఉంచాలనీ, కార్మిక సంఘాలను సంప్రదించాలనీ ప్రతి శాఖ తీర్మానించవలెనని కోరుతున్నాము. ప్రజాధనంతో నిర్మించినది ప్రజల చేతినుండి జారిపోకుండ కాపాడుకొందాము.