మస్టర్ ఎవరి పేరున?

ఈ దినము మొదటి సమూయేలు గ్రంథము 13వ అధ్యాయములోని మొదటి వచనములను తెరచి చూడండి. ఫిలిష్తీయుల దండును కొట్టినవాడు యోనాతాను. బూర ఊదించినవాడు మాత్రము సౌలు. ఇక దేశములో జనులు ఏమని విన్నారు? సౌలు కొట్టాడని!

గోదావరిఖనిలో ఉన్న మీకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. బాయిలో దిగి నైట్ షిఫ్టు చేసినవాడు ఒకడు, మస్టర్ పడింది మరొకని పేరున అంటే ఊరుకుంటారా?

మా సంఘములో కంప్యూటర్ పని నేర్చిన యౌవనస్థుడొకడున్నాడు. ఆరాధనలో పాటలను తెర మీద చూపే సాఫ్ట్‌వేర్ తానే తయారుచేశానని చెప్పి, తెరవగానే తన పేరు కనబడేటట్లు పెట్టి, నాలుగు సంఘములకు ఐదేసి వేలకు ఇచ్చాడు. నేను వాని కొరకు వేదిక మీద నుండి స్తుతి ప్రార్థన కూడ చేశాను! ఆరాధన ముగిశాక, ఇంజనీరింగు చదివే అమ్మాయి ఒకతె మెల్లగా, "అయ్యగారూ, అది ఓపెన్ ఎల్పీ. పేరు, రంగులు మార్చాడంతే" అన్నది.

పిలిచి అడిగాను. "ఫ్రీగా ఇచ్చిందే గదా అయ్యగారూ, దొంగతనం ఎట్లయితది? ఇచ్చినోళ్లకు ఏం పోయింది?" అన్నాడు.

ప్రియులారా, ఈ ప్రశ్నను తేలికగా తీసివేయకండి. ఓపెన్ ఎల్పీ స్వచ్ఛందముగా పనిచేసేవారు సంఘముల కొరకు చేసి ఇచ్చినది. దానికి జి.పి.ఎల్. అనే లైసెన్సు ఉన్నది. ఆ లైసెన్సును మొదట 1989లో రిచర్డ్ స్టాల్‌మన్ వ్రాశాడు. దాని ప్రకారము ఎవరైనా వాడవచ్చు, మార్చవచ్చు, డబ్బు తీసుకొని కూడ ఇవ్వవచ్చు. నాకు మొదట గేహజీ జ్ఞాపకము వచ్చాడు గాని, డబ్బు విషయములో వీడు గేహజీ కాడు. షరతు వేరే ఉన్నది. చేసినవారి పేర్లు చెరపకూడదు. పుచ్చుకున్నవారికి మూల ప్రోగ్రాముతో సహా అదే స్వేచ్ఛ అందాలి. మనవాడు పేరు చెరిపేసరికి, అది ఉచితమైనదని ఆ నాలుగు సంఘములకు తెలిసే దారి మూసుకుపోయింది. వాటిలో ఒకటి కూలినాలి చేసుకునేవారి సంఘము. పక్క ఊరివారు కాపీ అడిగితే, కొన్న వస్తువు ఇవ్వవచ్చో లేదోనని జంకి ఇవ్వలేదట.

ఇట్లే, తిరుమల కృష్ణ దేశికాచారి గారు పోతన, వేమన అనే తెలుగు ఫాంట్లు చేసి ఉచితముగా ఇచ్చారు. ఆ అక్షరములు చదివినవారిలో ఆయన పేరు ఎరిగినవారెందరు?

ఇదంతా చెప్పి గెలిచాననుకున్నాను. వాడు తల వంచుకొని, "పోయిన ఈస్టరు ప్రసంగం టైపు చేసింది నేనే అయ్యగారూ. ఆ పుస్తకం మీ టేబుల్ మీదనే ఉండె" అన్నాడు.

నిజమే. సెమినరీ దినములనాటి పుస్తకమది. మూడు పేజీలు దాదాపు అవే మాటలు. రచయిత పేరు నేనెత్తలేదు. ఒకరి మాటలు మరొకరు దొంగిలించే ప్రవక్తలను గూర్చి యిర్మీయా 23:30లో ఉన్న వచనమును నేనే ఎన్నోసార్లు బోధించాను.

తరువాతి ఆదివారము తెర మీద ఓపెన్ ఎల్పీ పేరు కనబడింది. దాని క్రింద, తెలుగు పాటలు ఎక్కించినవాడని మనవాని పేరు. ఆరు వందల పాటలు, ఆ కష్టము నిజముగా వానిదే. నాలుగు సంఘములకూ వాడే వెళ్లి సంగతి చెప్పి వచ్చాడు. ఒక సంఘము డబ్బు తిరిగి అడిగింది, వాయిదాల మీద ఇస్తున్నాడు. నేను ఈస్టరు ప్రసంగము ఏ పుస్తకములోనిదో, ఎవరు వ్రాసినదో సంఘము ఎదుట చెప్పాను. వెనుక బల్లల మీద కొందరు నవ్వారు.

తలలు వంచండి, ప్రార్థన చేసుకుందాము.