గ్రామసభ ప్రత్యక్ష ప్రసారము - సాయము ఎవరిని, ఎట్లు అడుగవలెను?

పంచాయతీ సభ్యులారా,

కొంతకాలము క్రిందట ఒక గ్రామమున జరిగిన గ్రామసభకు నేనును పోయియుంటిని. ఇండ్ల లబ్ధిదారుల పట్టిక, సిమెంటు రోడ్డు ఖర్చుల లెక్క ఆనాటి ముఖ్య విషయములు. ఊరివారిలో చాలమంది కువైటులోను, హైదరాబాదులోను పనులలో నున్నందున, వారుకూడ చూచునట్లు సభను ప్రత్యక్ష ప్రసారము చేయ సంకల్పించిరి. బల్లమీద ఒక సెల్‌ఫోను నిలిపిరి. గోడమీది తెరపై లెక్కల స్లయిడులు వేసిరి. సభ సలక్షణముగనే జరిగినది. కాని దూరమున చూచినవారికి ఆ తెర తెల్లని వెలుగుగా కనబడినదే గాని అంకె యొక్కటియు తెలియలేదు. కార్యదర్శి చదివిన పేర్లు పంకాల రొదలో కలిసిపోయినవి. "లెక్కలు కనబడకుండ కావలెననియే ఇట్లు చేసినారు" అను మాట మరునాడు ఊరిలో పుట్టినది. సర్పంచి నిజాయితీ గల యిల్లాలు. ఆమె పడిన మనస్తాపమును నేను కన్నులార చూచితిని. ముందు పరీక్షించి చూడుడని చెప్పవలసినవాడను నేను, చెప్పలేదు.

1993వ సంవత్సరమున అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కల్పించినది. తెలంగాణమున 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము రెండు నెలలకొకసారియైనను సభ జరుపవలెనని విధించినది. ప్రసారము ఈ సభకు బదులు కానేరదు. ఊరు విడిచి పనికి పోయినవాడు తన యింటి పేరు పట్టికలో నున్నదా లేదా యని స్వయముగా వినుటకు అది యొక కిటికీ మాత్రమే. కాని కిటికీ తెరచి దానికి మసక అద్దము బిగించినచో, మూసియుంచిన దానికంటె ఎక్కువ అనుమానము కలుగును.

ఇక సాయము మాట. "లైవు పెట్టవలెను, ఎవరైన రండి" అని అడుగుట వైద్యునితో "ఒంట్లో బాగులేదు" అని చెప్పి ఊరకుండుట వంటిది. సభ ఆరుబయటనా, లోపలనా? స్లయిడులు ఎన్ని, ఏ కంప్యూటరులో నున్నవి? మైకుసెట్టు కలదా? ఇంటర్నెట్టు పైకి పంపు వేగము ఎంత? ఇవి ఒక కాగితముపై వ్రాసికొని పొండు. కంప్యూటరు బోధించు ఉపాధ్యాయుడు, సచివాలయపు డిజిటల్ అసిస్టెంటు, సెలవులకు వచ్చిన ఇంజనీరింగు విద్యార్థి - ఎవరైనను ఉపయోగపడుదురు. నా అనుభవమున అందరికంటె అక్కరకు వచ్చువాడు పెండ్లిండ్ల వీడియోలు తీయువాడు. ఈ కాలపు పెండ్లిండ్లను ప్రత్యక్షముగా చూపుచున్న అతనికి ఈ చిక్కులన్నియు తెలిసినవే. అయితే ఒక జాగ్రత్త: ప్రసారము అతని చానలుపై కాక పంచాయతీ చానలుపైననే జరుగవలెను. దాని రహస్యపదము కార్యదర్శి కడ నుండవలెను.

ఆతనితో మొదట చెప్పవలసినది, తెరను కెమెరాతో తీయవద్దని. స్లయిడులు కంప్యూటరునుండి నేరుగా ప్రసారములోనికి పోవలెను. ఇందులకు ఓబీఎస్ స్టూడియో అను సాధనము ఉచితముగా లభించుచున్నది. అందులో స్లయిడు నిండుగా కనబడు దృశ్యమొకటి, మాటలాడువారు కనబడు దృశ్యమొకటి సిద్ధముచేసికొని, ఒక్క మీటతో మార్చుకొనవచ్చును. లెక్క చదువునంతసేపు స్లయిడునే ఉంచుడు. ముఖము చూపవలసిన అవసరము లేదు.

మన కార్యాలయములలో అను లిపులలో వ్రాసిన కాగితములు ఇంకను విస్తారముగా నున్నవి. ఆ లిపి లేని కంప్యూటరులో అవి అర్థముకాని గుర్తులుగా మారిపోవును. కావున స్లయిడులను ముందే బొమ్మలుగానో, పీడీఎఫ్‌గానో మార్చి ఇయ్యవలెను. ఒక్కొక్క స్లయిడునకు ఆరు పంక్తులు మించరాదు. చూచువాని చేతిలోనిది అరచేతియంత ఫోను. లబ్ధిదారుల ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతా సంఖ్యలు పొరపాటుననైన అందుండరాదు. గ్రామసభలో నూరుమంది చూచినది ప్రసారమున లోకమంతయు చూచును, పైగా అచ్చటనే నిలిచియుండును.

ధ్వని విషయమున నేను మొండివాడను. బొమ్మ మసకబారిన సహింపవచ్చును, మాట వినబడనిచో సభయే లేదు. మైకుసెట్టు పెట్టెనుండి తీగద్వారా ధ్వనిని కంప్యూటరునకు తెచ్చుట ఉత్తమము. వీలులేనిచో చొక్కాకు తగిలించు చిన్న మైకు చాలును.

720 గీతల చిత్రమును పంపుటకు పైకి పంపు వేగము 3 నుండి 4 ఎంబీపీఎస్ నిలుకడగా నుండవలెను. లేనియెడల 480కి దిగుడు. అక్షరములు పెద్దవైనచో అదియు చాలును. ఫైబరు తీగ తెగినప్పటికి ఒక ఫోను హాట్‌స్పాటు, కరెంటు పోయినప్పటికి ఒక ఇన్వర్టరు సిద్ధముగా నుండవలెను. యూట్యూబులో క్రొత్త చానలుకు ప్రత్యక్ష ప్రసారపు అనుమతి వచ్చుటకు 24 గంటల వరకు పట్టవచ్చును. సభనాటి ఉదయమున చానలు తెరచినవారు సాయంత్రము తెల్లమొగము వేయుట నేనెరుగుదును. రెండు దినముల ముందు, అదే గదిలో, అదే పంకాలు తిరుగుచుండగా పది నిమిషములు పరీక్షించుడు. వేరొక ఊరిలో నున్నవానిని చూడుమని, స్లయిడులోని అంకెలు తిరిగి చదివి వినిపింపుమని అడుగుడు.

పై గ్రామమువారు తరువాతి సభను శుక్రవారము సాయంత్రము 5 గంటలకు పెట్టిరి. కువైటున అది సెలవుదినము, అప్పటికచ్చట మధ్యాహ్నము రెండున్నర. పట్టిక చదువుచుండగా అచ్చటినుండి ఒక వార్త వచ్చినది: ఒక వరుసలో తండ్రిపేరు తప్పు పడినదని. ప్రసారము కొన్ని సెకండ్లు ఆలస్యముగా చేరును గనుక కార్యదర్శి అప్పటికి తరువాతి పేరునకు పోయియుండెను. సర్పంచి ఆపించినది. స్లయిడును వెనుకకు త్రిప్పి, అందరి యెదుట ఆ పేరు దిద్దించి, మరల చదివించినది.