లేజరు వెలుగు, ఆవగింజంత గుల్ల



సూర్యునియందు హైడ్రోజను కేంద్రకములు కలిసి హీలియమగుచుండుటచేతనే మనకు వేడియు వెలుగును లభించుచున్నవి. ఆ కార్యమునే భూమిమీద లేజరు కిరణములతో సాధించి, అందుండి విద్యుత్తు పొందవలెనని శాస్త్రజ్ఞులు పాటుపడుచున్నారు. అందలి చిక్కు నొకదానిని నేడు విన్నవించెదను.

ఆవగింజంత గుల్లలో డ్యుటీరియము, ట్రిటియము అను హైడ్రోజను భేదములను నింపి, అన్నివైపులనుండియు కిరణములను ప్రయోగింతురు. గుల్ల పైపొర ఆవిరియై వెలుపలికి చిమ్మును. తుపాకి పేల్చినవాని భుజమునకు త్రోపు తగులునట్లు, ఆ విసురునకు మిగిలిన భాగము లోనికి కుదించుకొనిపోవును. వెలుగు ఒకచోట హెచ్చి, వేఱొకచోట తగ్గెనా, తడిమట్టిని పిడికిట బిగించిన వ్రేళ్లసందులనుండి వెలువడునట్లు గుల్ల వికారమగును. మొదట కంటికానని వంకరయే, నొక్కుడు సాగినకొలది పెరిగి కార్యమును చెఱచును.

కిరణములను పెక్కింటిని కూర్చినంతమాత్రమున ఈ దోషము తీరదు. ఒక్కొక్క కిరణములోనే హెచ్చుతగ్గులుండును. 1984లో జపానులోని ఒసాకా విశ్వవిద్యాలయమువారొక యుపాయము ప్రకటించిరి. కిరణమార్గమున నుంచిన గాజుపలక, కిరణమును అనేక భాగములుగా విభజించి, కొన్నిటిని అరతరంగము వెనుకకు నెట్టును. ప్రతిభాగమును లక్ష్యమంతటను పఱచుకొనును. దీనిచే పెద్దమచ్చలు పోయెను గాని, ఆ భాగముల తరంగములు ఒండొంటిని తాకి సన్నని చుక్కలను పుట్టించెను. చెఱువులో రెండు రాళ్లు వేసిన, అలలు కలిసినతావుల కొన్నిట నీరు లేచి, కొన్నిట అణగియుండుటను మీరెఱుగుదురు.

ఆ చుక్కలను తుడువలేకున్నను కదలింపవచ్చును. అమెరికాలోని రోచెస్టరు విశ్వవిద్యాలయమువారు కిరణపు రంగును అతిస్వల్పముగా, అతివేగముగా మార్చుచు, సన్నగీతల పలకచే ఆ రంగులను విడదీసి పంపు పద్ధతిని 1989లో ప్రకటించిరి. చెట్టుక్రింద ఆకులూగునపుడు ఎండపొడ ఒకచోట నిలువదు. కొంతసేపటికి నేలయంతయు ఇంచుమించు సమముగా వేడెక్కును. ఇచ్చటనో, ‘కొంతసేపు’ అనగా సెకనులో నూఱుకోట్లవవంతు!

నాకు మిక్కిలి వింతగొలుపునది ఇది: ఆరంభమున పడిన మచ్చయే ప్రమాదకరము. పిమ్మట గుల్లనావరించు వేడివాయువు తానే హెచ్చుతగ్గులను కొంత సవరించును. కావున తొలిక్షణముననే సమత్వము కావలెను.

కాలిఫోర్నియాలోని లివర్మోరునందు మార్గము వేఱు. 192 కిరణములను గుల్లపై గాక, దానిచుట్టునున్న గొట్టపు లోగోడలపై వేయుదురు. గోడలనుండి పుట్టిన ఎక్సుకిరణములు గుల్లను ముంచివేయును. అచ్చట 2022 డిసెంబరు 5న 2.05 మెగాజౌళ్ల లేజరుశక్తికి 3.15 మెగాజౌళ్ల శక్తి వెలువడెను. ఇది ఘనకార్యమే, కాని ఆ లేజరును నడుపుటకు సుమారు 300 మెగాజౌళ్ల విద్యుత్తు వ్యయమయ్యెనని మఱువరాదు. పత్రికలు ఈ లెక్కను చిన్న అక్షరములలో వేసినవి.

రోచెస్టరువారు 60 కిరణములను నేరుగా గుల్లపైననే ప్రయోగింతురు. రంగుల పరిధి ఇంకను విశాలమైనచో చుక్కలు ఇంకను వేగముగా తావు మార్చునని, అట్టి లేజరుకొఱకు వారు కృషి చేయుచున్నారు.