కాలక్షేపం కబుర్లే కాపలా
(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా పనికొచ్చే విషయం మీద ఓ పావుగంట మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. డి.ఎ. బకాయిల గురించి, పి.ఆర్.సి. గురించి, హెల్త్ కార్డుల గురించి చెప్పడానికి నాకంటే సమర్థులు ఈ హాల్లోనే ఉన్నారు. గుమాస్తాగా ముప్పై అయిదేళ్ల పైచిలుకు పనిచేసిన నాకు ఫైళ్లతో సమానంగా అలవాటైన విషయం ఇంకొకటి ఉంది. అది కబుర్లు చెప్పుకోవడం. ఈ రోజు దాని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను. నవ్వకండి. నవ్వులాటగా మొదలైనా ఈ విషయం చివరకు మన బ్యాంకు పాసుబుక్కు దాకా వెళ్తుంది.

కబురు అన్నమాట ఉర్దూ ఖబర్ నుంచి మనకు వచ్చింది. ఖబర్ అంటే వార్త. విచిత్రమేమిటంటే, ఒక్కటైతే అది ముఖ్యమైన సమాచారం. ఊరి నుంచి కబురొచ్చిందంటే ఇల్లంతా లేచి నిలబడుతుంది. అదే బహువచనమైతే పనిలేనివాళ్ల కాలక్షేపం. కబుర్లు చెప్పకు, పని చూసుకో అంటారు. నా మనవి ఏమిటంటే, ఈ కబుర్ల మధ్యలోనే మనకు కావలసిన ఆ ఒక్క కబురు ఉంటుంది.

సర్వీసులో ఉన్న రోజులు గుర్తు చేసుకోండి. సెక్షన్లో నలుగురు చేరి మాట్లాడుకుంటే సూపరింటెండెంటుగారు కళ్లజోడు మీదుగా చూసేవారు. కాని కొత్తగా చేరిన కుర్రవాడికి నోట్ ఫైలు ఎలా పెట్టాలో, సర్వీసు రిజిస్టరులో సంపాదిత సెలవు ఎలా లెక్క కట్టాలో ఎక్కడ తెలిసింది? టీ కొట్టు దగ్గర సీనియర్ల మాటల్లోనే. రిటైరైన రోజున పూలదండ వేశారు, శాలువా కప్పారు. జీతం పోయి పెన్షన్ ఎంత వస్తుందో మనం ముందే పైసలతో సహా లెక్క కట్టుకున్నాం. రోజుకు ఎన్ని మాటలు తగ్గిపోతాయో మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు.

మా ఊళ్లో మునిసిపల్ పార్కులో వేపచెట్టు కింద రెండు సిమెంటు బల్లలున్నాయి. ఉదయం ఆరున్నరకు అక్కడ ఏడెనిమిది మందిమి చేరతాం. ట్రెజరీవారు, రెవెన్యూవారు, ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక పోస్టుమాస్టరుగారు. మేం మాట్లాడుకునేవి పెద్ద విషయాలేం కావు. చదివిన పుస్తకం, ఆడిన ఆట, మనవడు కొనిచ్చిన ఫోను, నిన్నటి కూర.

ముందు పుస్తకాల సంగతి చెబుతాను. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళం సీరియల్‌గా వచ్చే రోజులు మీలో చాలామందికి గుర్తే. ఒక ప్రతి కొంటే ఆఫీసంతా చదివేవాళ్లం. చదవడం అరగంట, తర్వాత ఏమవుతుందో అన్న చర్చ వారం. మన ప్రాంతంలో పుస్తకం ఎప్పుడూ పదిమంది సొత్తే. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో పుట్టింది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లోనే వెలిసింది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి పుస్తకాలను పడవలో పెట్టి కాలువ వెంట ఊరూరికీ పంపించారు. చదివేవాడు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే చదివేవాడి దగ్గరకు వెళ్లింది. మా బల్ల దగ్గర మేము చేసేదీ చిన్న ఎత్తున అదే. ఎవరి దగ్గరున్న పుస్తకం వాళ్లు తెచ్చి ఇస్తారు. తీసుకున్నవాడు పదిహేను రోజుల్లో తిరిగివ్వాలి. ఈ నియమాన్ని గుర్తుంచుకోండి. దాని అవసరం తర్వాత వస్తుంది.

ఇక ఆటలు. పులిజూదంలో పులులు మూడు, మేకలు పదిహేను. మేక ఒంటరిగా చిక్కితే పులి దూకి తినేస్తుంది. వెనకాల ఇంకో మేక నిలబడితే పులి దూకలేదు. మేకలన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిలబడితే చివరకు పులికే కదలడానికి చోటుండదు. అరుగు మీద గీసుకున్న ఆ ఆట మనకు నేర్పిన పాఠం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఆడవాళ్ల వామనగుంటలు కూడా అంతే. పద్నాలుగు గుంటల్లో చింతగింజలు తిరుగుతున్నంతసేపూ మాటలూ తిరిగేవి.

చదరంగం మాట వస్తే మా బల్ల మీద అందరికీ ఉత్సాహమే. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్ మాస్టర్ అయ్యారు. 2019లోనూ, 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయ్యారు. 2025 జూలైలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో పందొమ్మిదేళ్ల దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఆవిడ ఓడిపోయిన మర్నాడు మా దగ్గర సంతాప సభ వాతావరణమే. గెలిచిన పిల్ల కూడా మన దేశపు పిల్లే కదండీ అని పోస్టుమాస్టరుగారు సర్దిచెప్పవలసి వచ్చింది.

కాని ఒక ఆట గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. పేకాట మనలో చాలామందికి అలవాటే. అరుగు మీద రమ్మీ ఆడేటప్పుడు పక్కన చూసేవాళ్లు నలుగురుండేవారు. ఒకడు వరసగా ఓడిపోతుంటే, ఇక చాల్లే లేవరా అనేవాడు ఒకడుండేవాడు. ఫోనులో డబ్బు పెట్టి ఆడే రమ్మీలో ఆ మాట అనేవాడు లేడు. రాత్రి రెండు గంటలకు దుప్పటి కింద ఆడితే ఇంట్లోవాళ్లకూ తెలియదు. అందుకే తెలంగాణలో 2017లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనూ దాన్ని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసింది. అయినా దొంగదారిన ఏదో ఒక పేరుతో అది ఫోనులోకి వస్తూనే ఉంటుంది. ఆట అదే, ముక్కలు అవే పదమూడు. తేడా అల్లా చుట్టూ మనుషులు లేకపోవడమే.

ఇప్పుడు యంత్రాల దగ్గరకు వద్దాం. మనం టైపు మిషన్ నుంచి కంప్యూటరు దాకా, ట్రంక్ కాల్ నుంచి వీడియో కాల్ దాకా చూసిన తరం వాళ్లం. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రామ్ సేవలను ఆపేసిన రోజున మా పోస్టుమాస్టరుగారు పూట భోజనం మానేశారు. కాని కొత్తవి మనకు మేలు చేయలేదని అనలేం. ఒకప్పుడు లైఫ్ సర్టిఫికెట్ కోసం ఎండలో ట్రెజరీ మెట్ల మీద కూర్చునేవాళ్లం. కేంద్ర ప్రభుత్వం 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్‌ను ప్రవేశపెట్టింది. వేలిముద్రలు అరిగిపోయిన పెద్దవాళ్ల ఇబ్బంది గమనించి 2021లో ఫోనుకు ముఖం చూపిస్తే సరిపోయే పద్ధతి తెచ్చారు. మా బల్ల మీద ఒకాయన ఈ పని నేర్చుకుని మిగతావాళ్లందరికీ చేసిపెట్టారు. కన్ను ఆర్పితే గాని ఆ యంత్రం మనల్ని బతికున్నట్టు ఒప్పుకోదండీ అని ఆయన చెబుతుంటే అందరం కళ్లార్పుతూ నవ్వుకున్నాం.

అయితే ఆ ఫోనులోంచే ప్రమాదమూ వస్తుంది. ఇది మీకు వివరంగా చెప్పాలి.

మా బల్ల మిత్రుల్లో ఒకాయన కిందటేడు రెండు రోజులు పార్కుకు రాలేదు. ఎవరం పెద్దగా పట్టించుకోలేదు. ఎందుకంటే మా వాట్సాప్ గ్రూపులో ఆయన శుభోదయం పూలబొమ్మ రెండు రోజులూ ఠంచనుగా వచ్చింది. మూడోనాడు ఆయన పుస్తకం తిరిగివ్వవలసిన గడువు నాకు. పట్టుకుని ఇంటికి వెళ్లాను. వాళ్లావిడ తలుపు ఓరగా తీసి, "ఆయనకు ఒంట్లో బాగాలేదు అన్నయ్యగారూ, తర్వాత రండి" అంది. గొంతు వణుకుతోంది. పుస్తకం చేతికిచ్చి వెళతానమ్మా అంటూ లోపలికి నడిచాను. ఆయన బల్ల ముందు నిటారుగా కూర్చుని ఉన్నారు. మంచినీళ్ల చెంబుకు ఆనించి ఫోను, అందులో పోలీసు దుస్తుల్లో ఒక మనిషి. పక్కన ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితం, పాసుబుక్కు. నన్ను చూసి మిత్రుడు వెళ్లిపొమ్మని చేత్తో సైగ చేశారు.

నేను ఆ ఫోను తీసి ఆపేశాను. ఆయన కాసేపు మాట్లాడలేకపోయారు. తర్వాత చెప్పారు. ఆయన ఆధార్ నంబరుతో మత్తుమందుల పార్సిల్ దొరికిందట. ఇంట్లోనే అరెస్టు చేశామన్నారట. ఫోను ముందు నుంచి లేవకూడదట. ఆ ఉదయం బ్యాంకు తెరవగానే డిపాజిట్ రద్దు చేసి, ఆ డబ్బు తనిఖీ కోసం వాళ్లు చెప్పిన ఖాతాకు పంపాలట. పూలబొమ్మలు కూడా ఎవరికీ అనుమానం రాకుండా రోజూ పెట్టమని వాళ్లే చెప్పారట. వాళ్లబ్బాయికి ఫోను చేశాం. 1930 నంబరుకు చెప్పాం. పోలీసు స్టేషనుకు వెళ్లి కాగితం రాసిచ్చాం. దేవుడి దయవల్ల రూపాయి పోలేదు.

"గురువుగారూ, ముప్పై ఏళ్లు సర్వీసు చేసిన నేను ఎలా నమ్మానంటారు?" అని ఆయన తర్వాత నన్ను అడిగారు. సర్వీసు చేసినవాళ్లం గనకనే నమ్ముతాం. పై అధికారి పిలిస్తే లేచి నిలబడటం మన రక్తంలో ఉంది. ఆయన ఇంకోమాట కూడా అన్నారు. "రెండు రోజుల్లో వాళ్లు వందసార్లు చెప్పిన మాట ఒక్కటే. ఎవరికీ చెప్పొద్దు."

సోదరులారా, ఈ ఒక్కమాట పట్టుకోండి. డిజిటల్ అరెస్టు అన్నది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలోనే ఈ సంగతి చెప్పారు. డబ్బు రావడానికి పిన్ నంబరు కొట్టనక్కర్లేదు. డబ్బు పోవడానికే పిన్ కావాలి. లైఫ్ సర్టిఫికెట్ చేసిపెడతామని ఫోను చేసి ఓ.టి.పి. అడిగేవాడు మన శాఖవాడు కాడు. పెళ్లి శుభలేఖ అంటూ తెలియని నంబరు నుంచి వచ్చిన ఫైలు తెరవకూడదు. ఇవన్నీ గుర్తుంటే మంచిదే. వయసు మీద పడ్డాక అన్నీ గుర్తుండవు. రేపు కొత్తరకం మోసం రావచ్చు. కాని పాతదైనా కొత్తదైనా మోసానికి రహస్యం కావాలి. అధికారిక విషయంలో కుటుంబానికి చెప్పొద్దు, స్నేహితుడికి చెప్పొద్దు అని ఎవరన్నా అంటే, ఆ క్షణమే ఎవరికైనా చెప్పేయాలి. కబుర్లు చెప్పే అలవాటున్నవాడికి ఈ పని తేలిక. మాట్లాడటం మానేసినవాడికి ఎవరికి చెప్పాలో తోచదు.

మాట్లాడటం ఎందుకు మానేస్తాం? భార్యో భర్తో పోయినవాళ్లుంటారు. పిల్లలు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉంటారు. మరో కారణం మనం పైకి చెప్పుకోనిది, చెవులు వినిపించకపోవడం. రెండుసార్లు ఏమిటీ అని అడిగి, మూడోసారి అడగలేక నవ్వేసి, నాలుగోనాటి నుంచి రావడమే మానేస్తారు. లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో మతిమరుపు వ్యాధికి దారితీసే, మనం సరిదిద్దుకోగల కారణాలు పద్నాలుగు చెప్పింది. వినికిడి లోపం, ఒంటరితనం రెండూ అందులో ఉన్నాయి. కళ్లజోడు పెట్టుకోవడానికి సిగ్గుపడని మనం చెవి మిషన్‌కు ఎందుకు సిగ్గుపడాలి?

కార్యవర్గానికీ, మీ అందరికీ నా విన్నపాలు మూడు.

మొదటిది, ప్రతి సభ్యుడికీ ఒక జత ఉండాలి. రోజుకొకసారి ఆ ఇద్దరూ గొంతుతో మాట్లాడుకోవాలి. పూలబొమ్మ మాట కిందకు రాదు.

రెండవది, పార్కుకు రాలేని వితంతు పింఛనుదారులైన సోదరీమణుల ఇళ్లకు నెలకొకసారి ఒక పుస్తకం పట్టుకుని వెళ్లాలి. పుస్తకం ఒక నెపం, అంతే. మళ్లీ తీసుకోవడానికి వెళ్లాలి కదా.

మూడవది, ఇంట్లో కూడా కబుర్లు చెప్పండి. పి.పి.ఓ. ఎక్కడుందో, నామినీ ఎవరో, కుటుంబ పెన్షన్ కాగితాల్లో భార్య పేరు, పుట్టినతేదీ సరిగా ఉన్నాయో లేదో భోజనాల దగ్గర మాటల్లో చెప్పుకోండి. పిల్లలకు ఒక మాట. మీ నాన్నగారు చెప్పిన కథే మళ్లీ చెబితే విసుక్కోకండి. ఈ రోజు విన్నకథను మధ్యలో ఆపితే, రేపు చెప్పవలసిన అసలు సంగతి ఆయన మీకు చెప్పరు.

నాకిచ్చిన పావుగంట దాటిపోయినట్టుంది. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.  భోజనాల దగ్గర ఎవరూ ఒంటరిగా కూర్చోవద్దని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.